విద్యుద్వైద్యుడు డుషేన్

ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరంలో బులోన్ అనే రేవుపట్టణం ఉంది. సముద్రాన్నే నమ్ముకొన్న ఒక కుటుంబంలో, 1806వ సంవత్సరంలో, గియోమ్ డుషేన్ అక్కడ జన్మించాడు. కుమారుడు నావికుడు కావాలని తండ్రి ఆశించాడు. డుషేన్ మనసు మాత్రం వైద్యవిద్యపై నిలిచింది. 1831లో పారిస్ నగరంలో పట్టా పొంది, స్వస్థలంలో వైద్యం ఆరంభించాడు. కొద్దికాలానికే భార్య ప్రసవానంతర జ్వరంతో మరణించింది. పసిబిడ్డను అత్తవారు తీసుకుపోయారు. తండ్రీకొడుకులు ఎన్నో ఏళ్లు ఒకరికొకరు దూరమయ్యారు.

ఆ ఒంటరితనంలో విద్యుత్తే ఆయన ధ్యాస అయింది. ఆ రోజుల్లో కండరాలలోకి సూదులు గుచ్చి, వాటి ద్వారా విద్యుత్తును పంపేవారు. రోగికి అది నరకయాతన. తడిపిన విద్యుదగ్రాలను చర్మంపై ఆనించితే, సూది లేకుండానే కోరిన కండరాన్ని కదిలించవచ్చునని డుషేన్ గ్రహించాడు.

1842లో ఆయన పారిస్ చేరాడు. అక్కడ ఆయనకు ఏ ఆసుపత్రిలోనూ కొలువు లేదు. ఏ కళాశాలలోనూ ఆచార్యపదవి లేదు. విద్యుత్ యంత్రమున్న పెట్టెను వెంటబెట్టుకొని ఆసుపత్రి నుండి ఆసుపత్రికి తిరిగేవాడు. రోగుల పడకల చెంతనే ఆయన పరిశోధన సాగింది. ఆయనను చూసి నవ్వినవారూ ఉన్నారు. అయితే నాడీవైద్యంలో సుప్రసిద్ధుడైన షార్కో ఆయనను గురువుగా గౌరవించాడు.

పక్షవాతాలన్నీ ఒక్కటి కావని డుషేన్ పరిశీలనలు చాటాయి. నాడి తెగి చచ్చుబడిన కండరం ఆయన యంత్రానికి స్పందించేది కాదు. మెదడు దెబ్బతిని కదలిక కోల్పోయిన కాలిలోనో, కండరం విద్యుత్తు సోకగానే ముడుచుకొనేది. అంటే అక్కడ కండరం సజీవమే. దానికి మెదడు ఆజ్ఞ మాత్రమే అందడం లేదు. మంచం పట్టిన రోగికి ఈ భేదం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. 1855లో వెలువడిన గ్రంథంలో ఆయన తన విద్యుద్విధానాన్ని వివరించాడు. 1867 నాటి మరో గ్రంథంలో శరీరంలోని కదలికలను కండరం వెంట కండరంగా విశ్లేషించాడు. నడిచేటప్పుడు పాదాన్ని పైకెత్తే కండరాలు పనిచేయకపోతే మునివేళ్లు నేలకు రాసుకుంటాయి, మనిషి కాలీడుస్తాడు.

వైద్యుడై తండ్రి చెంతకు చేరిన కుమారుడు ఆయన కన్నులముందే విషజ్వరంతో కన్నుమూశాడు. 1875లో డుషేన్ మరణించాడు.

1961లో అమెరికాలో లిబర్సన్ అనే వైద్యుడు, పక్షవాతంతో కాలీడ్చే రోగుల కోసం ఒక పరికరాన్ని వెలుగులోకి తెచ్చాడు. చెప్పులోని మీట, మడమ నేలను వీడగానే, మోకాలి దిగువనున్న నాడికి విద్యుత్తును పంపుతుంది. పాదం పైకి లేస్తుంది. మడమ మళ్లీ నేలను తాకగానే ప్రవాహం ఆగుతుంది. మెదడులోని గాయాన్ని అది మాన్పలేదు. అడుగు వేయడానికి మాత్రం తోడ్పడుతుంది.