దుప్పటి ఇచ్చిన తర్వాత

క్రిస్మస్ దగ్గర పడిందంటే మన సంఘాల యౌవనస్థులు దుప్పట్లు, అన్నం పొట్లాలు తీసుకొని రైల్వే స్టేషన్లకూ బస్టాండ్లకూ బయలుదేరుతారు. అది మంచి పనే. అయితే ఆ దుప్పటి కప్పుకొని ప్లాట్‌ఫారం మీద పడుకున్న పిల్లవాడు పెద్దవాడయ్యాక ఎలా బ్రతుకుతాడు? ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలోనే జీవితమంతా గడిపిన ఒక దైవజనుని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

డాన్ బోస్కో అనే పేరు మన పట్టణాల్లో బడుల బోర్డుల మీద చూస్తూనే ఉంటాం. జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న నేటి ఇటలీ ఉత్తర భాగంలో, బెక్కి అనే కుగ్రామంలో పేద రైతు ఇంట పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి చనిపోయారు. తల్లి మార్గరీటాకు చదువు రాదు గాని దేవుని భయం నిండుగా ఉన్న స్త్రీ. చదువుకోవాలన్న ఆశతో జాన్ ఇతరుల పొలాల్లో పనికి కుదిరారు, దర్జీ దగ్గర కుట్టుపని, కమ్మరి దగ్గర ఇనుప పని నేర్చుకున్నారు, కాఫీ హోటల్లో పనిచేశారు. అప్పుడు నేర్చుకున్న పనులు తర్వాత ఎంతమంది పిల్లలకు అన్నం పెడతాయో ఆయనకు తెలియదు.

1841లో గురువుగా అభిషేకం పొంది ట్యూరిన్ నగరానికి వెళ్లారు. కొండ ప్రాంతాల నుండి పని వెదుక్కుంటూ వచ్చిన అబ్బాయిలు ఆ నగర వీధుల్లో తిరుగుతుండేవారు. తాపీపనికి కొందరు, పొగగొట్టాలు శుభ్రం చేయడానికి కొందరు, ఏ పనీ దొరకనివారు మరికొందరు. చెరసాలలు దర్శించినప్పుడు పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ల పిల్లలు అక్కడ కనిపించారు. విడుదలైనవారిలో చాలామంది మళ్లీ అక్కడికే వస్తున్నారు. బయట వారికోసం ఎదురుచూసేవారు ఎవరూ లేకపోవడమే దానికి కారణమని ఆయన గ్రహించారు.

ఆదివారాలు ఈ పిల్లలను సమకూర్చి వాక్యం చెప్పడం, ఆటలాడించడం మొదలుపెట్టారు. అల్లరి భరించలేక ఒక్కొక్క చోటి నుండి వెళ్లగొట్టారు. చివరికి 1846లో వాల్డోకో అనే చోట ఒక షెడ్డు అద్దెకు దొరికింది. ఆ ఏడాదే ఆయన తల్లి పల్లె విడిచి కుమారునితో ఉండడానికి వచ్చారు.

ఇక్కడే మనం ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. నిలువ నీడలేని కొందరు యువకులను ఆయన గడ్డి అటక మీద పడుకోనిచ్చి దుప్పట్లు ఇచ్చారు. తెల్లారేసరికి వారూ లేరు, దుప్పట్లూ లేవు! మనమైతే ఇక చాలనుకునేవాళ్లం. 1847 మే నెలలో, వానలో తడిసి ముద్దయిన ఒక అనాథ అబ్బాయి తలుపు తట్టాడు. ఈసారి మార్గరీటమ్మ వంటగదిలో ఇటుకలు పేర్చి, పలకలు పరచి పడక సిద్ధం చేశారు. పడుకునే ముందు కష్టపడి పనిచేయడం గురించీ, నమ్మకంగా ఉండడం గురించీ నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆ వంటగదే తర్వాత వందలమందికి ఇల్లయింది.

పిల్లలను పనికి పంపి బోస్కో ఊరుకోలేదు. పని స్థలాలకు వెళ్లి చూసేవారు. యజమానులతో స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించి తానూ సంతకం పెట్టేవారు. 1852 ఫిబ్రవరి నాటి ఒక వడ్రంగి ఒప్పందం నేటికీ భద్రంగా ఉంది. యజమాని పని పూర్తిగా నేర్పాలి. తప్పు చేస్తే మాటతో దిద్దాలి గాని చెయ్యి చేసుకోకూడదు. శక్తికి మించిన పని చెప్పకూడదు. పండుగ రోజులు విడిచిపెట్టాలి. నిబంధన అనే మాట విలువ తెలిసిన మనకు ఆ కాగితం చిన్నదిగా కనిపించదు.

బయటి పనిశాలల్లో పిల్లలు చెడిపోతున్నారని చూసి 1853లో తన ఇంట్లోనే చెప్పులు కుట్టే పని, దర్జీపని ప్రారంభించారు. తర్వాత పుస్తకాల బైండింగు, వడ్రంగం, అచ్చుపని, ఇనుప పని వచ్చాయి. 1859లో ఈ పరిచర్య కోసం సలేషియన్ సభను స్థాపించారు. 1888 జనవరి 31న ప్రభువునందు నిద్రించారు. ఆ సభవారు 1906లో తంజావూరుకు వచ్చారు. విజయవాడలో వీధి బాలల మధ్య పనిచేస్తున్న నవజీవన్ బాలభవన్ కూడా వారిదే.

ఆయన కతోలిక గురువు. సిద్ధాంతాల్లో మనకు తేడాలున్నాయి. కాని వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును, డేరాలు కుట్టిన పౌలును ఎరిగిన మనం ఈ పాఠం నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు.

చిన్నపిల్లల స్థలం బడే. పద్నాలుగేళ్లలోపు వారిని పనిలో పెట్టడం చట్టం ఒప్పదు, మనస్సాక్షీ ఒప్పకూడదు. కాని బాలుర గృహాల్లో పెరిగినవారు పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వచ్చే రోజున గేటు దగ్గర ఎవరు నిలబడతారు? మన సంఘాల్లో ఎలక్ట్రీషియన్లున్నారు, మెకానిక్‌లున్నారు, టైలర్లున్నారు, బేకరీలు నడిపేవారున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క యువకునికి పని నేర్పలేరా? గది అద్దెకు కావాలంటే పూచీ ఉండడానికి, బ్యాంకు ఖాతా తెరవాలంటే వెంట వెళ్లడానికి, మొదటి నెలల్లో పని మానేసి పారిపోతే వెదకి తీసుకురావడానికి సంఘ పెద్దలు ముందుకు రాలేరా?

వచ్చే కమిటీ మీటింగులో దుప్పట్ల లెక్కతో పాటు ఈ విషయం కూడా చర్చకు పెట్టండి. మీ సంఘం ఈ సంవత్సరం ఒక్క యువకుని పక్షంగా సంతకం పెట్టినా చాలు, పని మొదలైనట్టే.