సుద్దాల హనుమంతు పాటబాట

పాట వ్రాయవలెనన్న కోరిక మన పాఠశాలలలో చదివే బాలబాలికలలో పలువురికి ఉంటుంది. ప్రాసలు కూర్చడం, బాణీ కట్టడం అభ్యాసం చేత అలవడుతాయి. చూచినదానిని చూచినట్లు చెప్పే నిజాయితీ, చెప్పినందుకు వచ్చే కష్టాన్ని ఓర్చుకొనే ధైర్యం మాత్రం అంత సులభంగా అలవడవు. ఈ రెండు గుణాలకు నిదర్శనమైన జీవితం ఒకటి నల్గొండ గడ్డ మీదనే నడిచింది. అది సుద్దాల హనుమంతు జీవితం.

హనుమంతు 1910లో మోత్కూరు ప్రాంతంలోని పాలడుగు గ్రామాన ఒక పేద పద్మశాలి కుటుంబంలో జన్మించినారు. తల్లి లక్ష్మీనరసమ్మ, తండ్రి బుచ్చిరాములు. ఆ పిదప సుద్దాలలో స్థిరపడగా ఆ ఊరి పేరే ఆయనకు ఇంటిపేరువలె నిలిచిపోయింది. నాడు నల్గొండ జిల్లాలోని ఈ పల్లెలు నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నవి. పెద్ద చదువులు చదివే వీలు ఆయనకు లేకపోయింది. పల్లెలలో ఆడే యక్షగానాలు, భజనలు, హరికథలే ఆయనకు బడులైనవి.

అవి నిజాం పాలన సాగుతున్న దినాలు. కచ్చేరీ వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. పల్లెలలో దేశముఖుల మాటే చట్టం. కుమ్మరి కుండలిచ్చినా, చాకలి బట్టలుతికినా, కూలి నాలి అడుగరాదు. దానికే వెట్టి అని పేరు. సర్కారు అనుమతి లేక సభ జరుపరాదని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తరువు కూడ ఉండేది. నలుగురు కూడి మాట్లాడుకొనడమే నేరమైనచోట పాటకు ఎంత పని ఉంటుందో, ఎంత ముప్పు ఉంటుందో ఊహించవచ్చును.

హనుమంతు కొంతకాలం హైదరాబాదులో వ్యవసాయ శాఖలో చిన్న కొలువు చేసినారు. అక్కడ ఆర్యసమాజ భావాలు ఆయనను ఆకర్షించినవి. నెలజీతం పేదవానికి చిన్న ఆధారం కాదు. అయినా దానిని వదలి పల్లెకు మరలి వచ్చినారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభతో ఆంధ్రమహాసభ రైతుకూలీల పక్షాన నిలిచింది. పల్లెపల్లెన సంఘం వెలసింది. ఆ సంఘానికి హనుమంతు గొంతుక అయినారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలియైన పిదప పోరాటం తీవ్రమైంది. అప్పుడు పాట పాడడమంటే ప్రాణానికి తెగించడమే. ఆయన వెనుకకు తగ్గలేదు.

ఆయన రచనలలో పశువుల కాపరి బాలునిపై వ్రాసిన పాట ప్రసిద్ధమైనది. అందులో ఆయన దృష్టి ముందుగా దొరను తిట్టడం మీదికి పోలేదు. పిల్లవాని చినిగిన అంగీ మీద, కాలిజోడు మీద, జీతంగా కొలిచే గింజలలో కలిసిన తాలు మీద నిలిచింది. ఇంత చూపిన తరువాత దొర ఎట్టివాడో వేరుగా చెప్పనక్కరలేదు. కోపం అందరికీ వస్తుంది. కోపానికి కారణమైన వస్తువును చూపగలవాడే కవి. ఆయన సమరగీతాలు కూడ వ్రాసినారు. అవి ఆనాటి దళాలకు ఉత్సాహమిచ్చినవి. కాని కాలం మారినా మన కంట నీరు తెప్పించేది ఆ బాలుని పాటయే. 1979లో గౌతం ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’ చిత్రం ద్వారా అది కొత్త తరానికి చేరింది.

ఆయన ఎన్నుకొన్న రూపాలు కూడ గమనింపదగినవి. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం — ఇవన్నీ జనానికి తెలిసినవే. గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని చెప్పే గొల్లసుద్దులలో ఆయన వెట్టిని గురించిన ముచ్చట చేర్చినారు. వినేవారికి బాణీ పాతది, మాట తమది. కావున భావం సూటిగా మనసుకు చేరింది. తన పాండిత్యాన్ని చూపవలెనని ఆయన ఎన్నడూ పాటుపడలేదు.

సాయుధ పోరాటం 1951లో విరమింపబడింది. హనుమంతు 1982 అక్టోబరు 10న క్యాన్సరు వ్యాధితో కన్నుమూసినారు. ఆయన కుమారుడు అశోక్ తేజ మొదట ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిదప సినీకవియై, ‘ఠాగూర్’ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం పొందినారు.

పాట వ్రాయబూనిన విద్యార్థులారా! మీకు తెలియని వెన్నెలను గురించి, మీరు పడని విరహాన్ని గురించి వ్రాయుటకు తొందరపడకండి. మీ వాడలో పొద్దు పొడవకముందే లేచి పనికి పోయేవారిని చూడండి. వారి చేతిలో ఏమున్నదో, వారికి దక్కేది ఎంతో తెలిసికొనండి. వారి నోటి మాటతోనే వ్రాయండి. వ్రాసినదానిని మొదట వారికే వినిపించండి. అది తమ సంగతియేనని వారు తల ఊపితే మీ పాట నిజమైనది. ఆ సంగతి వినుటకు ఇష్టపడనివారి ఎదుట కూడ దానిని మార్చక పాడగలిగిననాడు మీరు హనుమంతు నడచిన బాటలో ఉన్నట్లే.