యంత్రశిల్పి జి. డి. నాయుడుగారి జీవితము

గత వేసవిలో మేము శ్రీకూర్మమునందొక గృహమునకు పోయియుంటిమి. మా పాఠశాలలో పదవ తరగతి ముగించిన బాలుడొకడు పెరటిలో పాత కారు నొకదానిని నిలిపి, దాని గేరు రాడ్డును ఊడదీసి యెదుట పెట్టుకొని కూర్చుండెను. గేరు మార్చునప్పుడు రాడ్డును చాల దూరము త్రోయవలసి వచ్చుచున్నదనియు, ఆ దూరమును తగ్గింపవలెననియు వాని పట్టుదల. తండ్రి మమ్ము చూడగనే, కుమారుడు పై చదువు మాట మరచి ఒంటినిండ నూనె మరకలు పూసికొనుచున్నాడని చెప్పి, మీరైనను బుద్ధి చెప్పుడని వేడుకొనెను. బుద్ధి చెప్పుటకు ముందు వాడు చేయుచున్న పని యేదియో చూతమని మేమచ్చటనే కూర్చుంటిమి.

గేరు రాడ్డు మనము తరగతిలో నేర్చుకొన్న మీటయే. దాని నడుమ నొక గుండు కలదు, అదియే ఆధారము. ఆ కారులో గుండునకు పైభాగము పండ్రెండంగుళములు, క్రిందిభాగము రెండంగుళములు. కావున క్రింది కొన ఒక యంగుళము కదలవలెనన్న పైన చేయి ఆరంగుళములు కదలవలెను. బాలుడు గుండును ఒక యంగుళము పైకెత్తి, క్రిందిభాగమునకు ఇనుప ముక్క నతికించి, దానిని మూడంగుళములు చేయ సంకల్పించెను. అప్పుడు చేయి నాలుగంగుళములు కదలిన చాలును. అయితే చేతిబలము ఎంత హెచ్చవలెనో వాడు లెక్కింపలేదు. బొగ్గుముక్కతో గచ్చుమీద లెక్కవేసి చూపితిమి: ఒకటిన్నర రెట్లు. దూరము తగ్గినంత బలము హెచ్చును. మీట ఎవరికిని ఊరక ఏమియు నీయదు. అతుకు గట్టిది కాకున్నను, గేరు పూర్తిగా పడకున్నను, నడిబాటలో గేరు జారి ప్రాణాపాయము కలుగునని కూడ హెచ్చరించితిమి.

ఆ సాయంకాలము మా మనస్సునకు శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారి జీవితము జ్ఞప్తికి వచ్చెను. విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనదగిన చరిత్ర గనుక ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమున కలంగల్ అను గ్రామములో జన్మించిరి. తమిళదేశమున తరతరములుగా స్థిరపడి, ఇంట తెలుగు మాటలాడు రైతు కుటుంబము వారిది. శైశవముననే తల్లిని కోల్పోయిరి. బడియనిన వారికి గిట్టకుండెను. చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయెను.

ఒకనాడు ఆంగ్లేయ ఉద్యోగి యొకడు రడ్జి మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దుగాని గుఱ్ఱముగాని లేక తనంత తాను పరుగెత్తు ఆ బండిని చూచినది మొదలు ఆ పల్లెబాలునికి వేరొక తలంపు లేకపోయెను. అతడు కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, మూడేండ్లు పైసపైస కూడబెట్టి, కడకు మోటారు సైకిలు నొకదానిని కొనెను. కొన్నవారందరును ఎక్కి తిరుగుదురు. ఇతడు దానిని మరమరగా విప్పి, ఏ భాగ మెందుకున్నదో తెలిసికొని, తిరిగి బిగించెను. ఆయన మొదటి పాఠశాల అదియేయని చెప్పవచ్చును.

పిదప ప్రత్తి వ్యాపారమున ధనమార్జించి, బొంబాయిలో దానిని పోగొట్టుకొనిరి. కోయంబత్తూరున 1862లో ఒక పాఠశాలను స్థాపించి, పరిశ్రమలను నెలకొల్పిన రాబర్టు స్టేన్సు దొరగారు ఈ యువకుని నేర్పును గుర్తించి ధనసహాయము చేసిరి. ఆ సాయముతో నాయుడుగారు 1920లో బస్సు నొకదానిని కొని, పొల్లాచి పళని పట్టణముల నడుమ తామే నడుపసాగిరి.

ఆ కాలపు బస్సు నడుపుట సామాన్యమైన పని కాదని మన బాలురు గ్రహింపవలెను. పళ్ల వేగములను తామే సమము చేయు గేరుపెట్టెలు అమెరికాలో కాడిలాక్ కార్లకు 1928లో గాని రాలేదు. అంతకుముందు డ్రైవరు క్లచ్చి త్రొక్కి, రాడ్డును నడిమికి తెచ్చి, క్లచ్చి వదలి, ఇంజను వేగమును చెవితో పోల్చుకొని, మరల క్లచ్చి త్రొక్కి గేరు వేయవలెను. తప్పిన యెడల పళ్లు గీరుకొని కీచుమనును. యంత్రము లోపల నేమి జరుగుచున్నదో యెరిగినవాడే దానిని మెత్తగా నడుపగలడు. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థ అయ్యెను.

నాయుడుగారు అంతటితో తృప్తి చెందలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మనదేశమున విద్యుత్ మోటారును తయారుచేయించిరి. భారతదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారు అదియేయని ప్రసిద్ధి. చిన్న మోటారుతో నడచు క్షురయంత్రము, పలుచని బ్లేడు, పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలగునవి వారి బుద్ధినుండి వెలువడినవే. 1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును రెండువేల రూపాయలకు అమ్మదగునట్లు నిర్మించిరి. ప్రభుత్వము అనుమతి నీయనందున అది బజారునకు రాలేదు. గెలుపువలెనే ఓటమియు ఆ జీవితమున తక్కువ కాదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి కలదు. బడి గిట్టక పారిపోయిన ఈ బాలుడే పెద్దవాడై బడి కట్టించెను. 1945లో కోయంబత్తూరున వారి చొరవతో, నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోపు దొరగారి పేరిట సాంకేతిక కళాశాల వెలసెను; నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల అదియే. నాయుడుగారే దానికి ప్రిన్సిపాలుగా నుండిరి. నాలుగేండ్ల చదువు దండుగ, రెండేండ్లు చాలునని వారు వాదించిరి. ప్రభుత్వమంగీకరింపకపోగా పదవిని విడిచిరి. ఆ వాదమున ఎవరిది సరియైనను, చేతిపనికి శాస్త్రజ్ఞానము తోడుకావలెనని వారు తమ యనుభవమున తెలిసికొనిరనుటకు ఆ కళాశాలయే సాక్షి. వారు 1974 జనవరి 4వ తేదీన పరమపదించిరి.

కొందరు బాలురు ఇట్టి చరిత్రలు విని, బడి మానిన గొప్పవారమగుదుమని భ్రమింతురు. మూడేండ్లు ఎంగిలాకు లెత్తిన చోట ఆయన చెల్లించిన మూల్యమును వారు చూడరు. కొందరు తలిదండ్రులు నూనె మరకలంటిన చేతులను చూచి సిగ్గుపడుదురు. మన ప్రభువు నజరేతులో వడ్రంగి యింట పెరిగి, రంపమును ఉలిని పట్టినవాడని వారు మరతురు.

శ్రీకూర్మమున ఆ తండ్రికి ఈ కథయే చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడక, కుమారుడు గచ్చుమీద వేసిన లెక్కను చూచుచుండెను. చదువు వాని చేతులకు కన్నులనిచ్చుననియు, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు కూర్చుండుటకై గణితము మరల చదివింపుడనియు కోరితిమి. బాలునికి మేము చెప్పినది ఒక్కటే: గేరు రాడ్డును బిగింపుము, కాని మొదట ఇంజను ఆపి అన్ని గేరులును పూర్తిగా పడునో లేదో పరీక్షింపుము, పిదప పుస్తకము తెరువుము.

వాడు రెండును చేసెను. వర్షాకాలమున పాలిటెక్నిక్‌లో చేరినట్లు తండ్రియే స్వయముగా వచ్చి మాకు తెలియజేసెను.