మీర్ సుల్తాన్ ఖాన్

మీర్ సుల్తాన్ ఖాన్ (మరణం: 1966) అవిభక్త పంజాబుకు చెందిన ప్రసిద్ధ చదరంగ క్రీడాకారుడు. ఇతడు మొదట నేర్చినది బంటు తొలి ఎత్తులో రెండు గళ్ళు కదలని దేశీయ పద్ధతి. 1929లో సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట లండన్ చేరి, ఆ ఏడాదే బ్రిటిషు ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్ళీ గెలిచాడు.

ఇతని ఆటలలో ముఖ్యంగా చెప్పుకోదగినది 1930-31 హేస్టింగ్స్ పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకాతో ఆడినది. నల్లపావులతో కాపబ్లాంకా క్వీన్స్ ఇండియన్ డిఫెన్సు చేపట్టాడు. మంత్రి వైపు గుర్రం ముందరి బంటును ఒక గడి జరిపి, అది వదలిన గడిలో శకటును నిలిపి, మధ్య గళ్ళను దూరం నుండి అదుపు చేయుట ఈ రక్షణ పద్ధతి. సుల్తాన్ ఖాన్ తొందరపడక ప్రత్యర్థిని క్రమంగా బిగించి 65 ఎత్తులలో ఓడించాడు. ప్రారంభ ఎత్తుల గ్రంథ పరిజ్ఞానం స్వల్పమైన వానికి ఇది సామాన్య విజయం కాదు.

1933 చివర స్వదేశం చేరాక అంతర్జాతీయ పోటీలకు దూరమయ్యాడు. ఫిడే గ్రాండ్‌మాస్టర్ బిరుదులు 1950లోనే మొదలైనా, ఇతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు లభించినది 2024లో.