పడవే ఇల్లు, పడవే ఆఫీసు: అముండ్సెన్ జీవితం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన ప్రాంతపు పెద్దల గురించి రాసేవారు ఎలాగూ ఉన్నారు. నేను కాస్త దూరం పోదామనుకున్నాను. ఓరుగల్లు ఎండల్లో కూర్చుని మంచు సముద్రం సంగతులా అని మిత్రులు నవ్వవద్దు. దానికి కారణం ఉంది.

నేను గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో గ్రామ నక్షాలు, టీపన్లు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. ప్రతి నక్షాలో ఒక మూల ఉత్తర దిక్కు బాణం ఉంటుంది. దిక్సూచి ముల్లు చూపేది అసలు ఉత్తరం కాదనీ, ముల్లును లాగే అయస్కాంత ధ్రువం భూమి మీద ఒకచోట ఉండక జరుగుతుంటుందనీ ఒక సర్వేయరు గారు చెప్పినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఆ ధ్రువం జరిగిందని స్వయంగా వెళ్లి తేల్చినవాడు నార్వే దేశస్థుడు రోఆల్డ్ అముండ్సెన్. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడుగా ఆయన పేరు చాలామందికి తెలుసు. నాకు మాత్రం అంతకు ముందు ఆయన ఒక చేపల పడవతో చేసిన పనే ఎక్కువ ఇష్టం.

ఆయన 1872 జూలై 16న ఓడల యజమానుల ఇంట పుట్టాడు. కొడుకు డాక్టరు కావాలని తల్లి కోరిక. ఆమె మాట కాదనలేక వైద్యంలో చేరాడు. 1893లో తల్లి చనిపోయాక చదువు మానేసి సముద్రం పట్టాడు. 1897లో బెల్జికా ఓడలో అంటార్కిటికాకు వెళితే ఓడ మంచులో ఇరుక్కుంది. తాజా ఆహారం లేక నావికులకు స్కర్వీ పట్టుకుంది. ఓడ డాక్టరు కుక్ పట్టుబట్టి సీలు, పెంగ్విన్ మాంసం తినిపించి బతికించాడు. డబ్బాల తిండిని నమ్ముకుంటే మంచులో బతకలేమని అముండ్సెన్‌కు అక్కడే తెలిసివచ్చింది.

ఉత్తర అమెరికా పైనుంచి పసిఫిక్‌కు దారి వెతకాలన్నది ఆయన చిన్ననాటి కల. 1845లో ఇంగ్లాండు నుంచి ఫ్రాంక్లిన్ రెండు పెద్ద ఓడలతో ఆ దారి వెతకబోయి, తనతో సహా 129 మందితో నాశనమయ్యాడు. అముండ్సెన్ దగ్గర పెద్ద ఓడకు డబ్బు లేదు. దారి ఒక్కటే అంటే చందాలు పుట్టవు, శాస్త్రం పేరు కూడా ఉండాలి. అందుకని జర్మనీ వెళ్లి అయస్కాంత శాస్త్రం నేర్చుకున్నాడు. తన ఈడుదే, 1872లో కట్టిన యోవా అనే హెర్రింగ్ చేపల పడవ కొన్నాడు. పొడవు సుమారు 70 అడుగులు. తెరచాపలు, వాటికి తోడు 13 గుర్రాల శక్తి గల చిన్న ఇంజను. తనతో కలిపి ఏడుగురే మనుషులు. అప్పులవాళ్లు పడవ జప్తు చేస్తారనే భయంతో 1903 జూన్ 16 అర్ధరాత్రి వానలో బయలుదేరాడు. అప్పులవాళ్ల బాధ ఎరిగిన మనబోటి వారికి ఈ ఘట్టం విడమరచి చెప్పనక్కరలేదు.

దారిలో ఇంజను గదిలో నిప్పంటుకుంది. తరువాత పడవ రాళ్ల మీదికెక్కింది. పైనున్న సరుకు సముద్రంలో పారేస్తేగాని కదలలేదు. పెద్ద ఓడ అయితే అక్కడే ఉండిపోయేది. లోతు తక్కువ నీళ్లలో పోగలగడమే ఆ పడవ బలం.

1903 సెప్టెంబరులో కింగ్ విలియం దీవిలో ఒక చిన్న రేవు దొరికింది. సుమారు రెండేళ్లు అక్కడే మకాం. పడవే ఇల్లు, పడవే గోదాము. ఖాళీ పెట్టెల చెక్కలతో పరిశీలనకు చిన్న గది కట్టారు. ఇనుము తగిలితే అయస్కాంతపు కొలత తప్పుతుంది కనుక రాగి మేకులు వాడారు. 19 నెలలపాటు పగలూ రాత్రీ ఎడతెగకుండా కొలతలు నమోదయ్యాయి. రిజిస్టర్లతో జీవితం గడిపినవాణ్ణి కనుక ఆ 19 నెలల విలువ నాకు తెలుసు. మరుసటి వసంతంలో మంచుబండి మీద వెళ్లి చూస్తే, 1831లో రాస్ కనుగొన్న చోట అయస్కాంత ధ్రువం లేదు. జరిగిపోయింది.

చుట్టుపక్కల నెట్సిలిక్ ఇన్యూట్ ప్రజలు ఉండేవారు. వాళ్ల దగ్గర జింకచర్మపు దుస్తులు వేసుకోవడం, మంచు ఇల్లు కట్టడం, కుక్కల బండి తోలడం నేర్చుకున్నారు. ఫ్రాంక్లిన్ మనుషులు చనిపోయిన ప్రాంతంలోనే ఈ ఏడుగురూ వేట మాంసంతో బతికారు. ప్రకృతిని పాడుచేయకూడదని ఆయన చిన్న పడవ ఎంచుకోలేదు. లేమి అలా చేయించింది. అయినా ఆ నేలకు వాళ్ల బరువు తక్కువే. తీసుకుపోయిన వస్తువులు లేకపోలేదు. వాళ్లు సేకరించిన వాటిలో 16 వస్తువులను ఓస్లో మ్యూజియం 2013లో ఆ ఊరికి తిరిగి ఇచ్చింది.

1905 ఆగస్టులో బయలుదేరి, అదే నెలలో పసిఫిక్ వైపు నుంచి వచ్చిన తిమింగలాల వేట ఓడను కలిశారు. దారి పూర్తయినట్టే. మళ్లీ మంచు పట్టి కింగ్ పాయింట్ దగ్గర ఇంకో శీతాకాలం ఆగవలసి వచ్చింది. కబురు పంపడానికి అముండ్సెన్ వందల మైళ్లు మంచు మీద ప్రయాణించి, డిసెంబరులో అలాస్కాలోని ఈగిల్‌లో తంతి ఆఫీసు చేరాడు. అయితే కొలతల పని చూసిన యువకుడు గుస్తావ్ వీక్ 1906 మార్చిలో జబ్బుచేసి కింగ్ పాయింట్ దగ్గరే చనిపోయాడు. ఆయన పేరు ఎక్కడా పెద్దగా కనిపించదు. ఆ లెక్కలన్నీ కట్టి అచ్చువేయడానికి చాలా ఏళ్లు పట్టింది.

తరువాతి కథ లోకానికి తెలిసిందే. 1911 డిసెంబరు 14న నలుగురు తోటివారితో దక్షిణ ధ్రువం చేరాడు. 52 కుక్కలతో బయలుదేరి 11 కుక్కలతో తిరిగివచ్చాడు. మిగతా వాటిలో చాలావాటిని చంపి తినడం నాకు మింగుడుపడని విషయం. తరువాత మళ్లీ అప్పులు, 1924లో దివాలా. 1926లో గాలి ఓడలో ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరాడు. ఆ ప్రయాణం తరువాత ఇటలీవాడు నోబిలేతో గట్టిగా చెడింది. అయినా 1928లో నోబిలే మంచులో చిక్కుకున్నాడని తెలియగానే వెతకడానికి విమానమెక్కాడు. జూన్ 18న బయలుదేరిన ఆ విమానం తిరిగి రాలేదు. ఆయన శరీరం దొరకలేదు.

యోవా పడవ చాలాకాలం శాన్ ఫ్రాన్సిస్కోలోని ఒక పార్కులో ఎండకూ వానకూ ఉండి, 1972లో నార్వే చేరింది. ఇప్పుడు ఓస్లోలోని ఫ్రామ్ మ్యూజియంలో ఉంది.