గుండెలోకి దారి వేసిన డాక్టరు

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904లో బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి యుద్ధంలో పోతే తల్లి ఉద్యోగం చేసి పెంచింది.

1929లో ఎబర్స్‌వాల్డ్ ఆస్పత్రిలో పనిచేస్తుండగా, చేతి రక్తనాళంలోంచి గుండెదాకా సన్నని గొట్టం పంపొచ్చని అతనికి తోచింది. పెద్ద డాక్టరు ససేమిరా అన్నాడు. సామాను తాళాలేమో నర్సు గెర్డా డిట్జెన్ దగ్గరున్నాయి. ప్రయోగానికి తానే సిద్ధమందావిడ. ఎంత ధైర్యమో చూడండి! ఇతగాడు ఆవిణ్ణి బల్లకు కట్టేసి, మూత్రనాళాలకు వాడే గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. అయినా ఎక్స్‌రే గదికి తోడెళ్లింది. 65 సెంటీమీటర్లు వెళ్లిన గొట్టం కొస గుండె కుడి గదిలో కనబడింది.

మెచ్చుకోళ్లకు బదులు చీవాట్లే దక్కాయి. చివరికి మూత్రకోశ వైద్యంలోకి మళ్లాడు. 1932లో నాజీ పార్టీలో చేరాడు, అది మాత్రం మాయని మచ్చే. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు. 1979లో కన్నుమూశాడు.

లయ తప్పిన గుండెలో లోపమున్నచోటును కొసతో మాడ్చే క్యాథెటర్లు ఇప్పుడు ఎక్కువగా తొడ మొదట్లోని రక్తనాళంలోంచి వెళ్తున్నాయి.