గాయపడియు మైదానము విడువని కనకయ్య నాయుడు

హైదరాబాదు పాతబస్తీలో చాంద్రాయణగుట్టకు చేరువనున్న ఒక పేటను బార్కస్ అందురు. సిపాయిల నివాసములకు ఇంగ్లీషువారు చెప్పు బ్యారక్స్ అను మాటయే జనుల నోట నలిగి బార్కస్ అయినది. నిజాము కొలువులో సిపాయిలుగా చేరిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు నేటికిని అచ్చట నివసించుచున్నారు. ఫుట్‌బాలు ఆటకు పేరుపొందిన పేట అది. అయినను సందుసందునను క్రికెట్టు బ్యాటు పట్టిన పిల్లలు కనబడుదురు. ఒక పనిమీద అక్కడికి వెళ్లిన దినమున, ఆటగాండ్రలో గుండెదిటవు గలవాడు ఎవడని కొందరు యౌవనస్థులు వాదించుకొనుట వింటిని. వారు చెప్పిన పేర్లన్నియు టీవీలో కనబడువారివే. భారతదేశపు మొట్టమొదటి టెస్టు జట్టును నడిపిన తెలుగువాని పేరు ఒక్కరును ఎత్తలేదు. అది వారి తప్పు కాదు, వారికి చెప్పినవారు లేరు. మన గ్రామములలోను అంతే. కనుక ఈ నెల కొఠారి కనకయ్య నాయుడుగారి సంగతి వ్రాయుచున్నాను. లోకము ఆయనను సి.కె. నాయుడు అని యెరుగును.

సంఘపత్రికలో ఆటగాని కథ యేల అని అడుగువారుందురు. పౌలు భక్తుడు పందెపు రంగములో పరుగెత్తువారిని, ముష్టియుద్ధము చేయువారిని చూపి మాటలాడుటకు సంకోచింపలేదు. అంతకంటె ఎక్కువ సమాధానము నాయొద్ద లేదు.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపురములో జన్మించెను. ఆయన పూర్వికులు మచిలీపట్నము ప్రాంతమువారని చెప్పుదురు. ఇంట తెలుగు మాటలాడు కుటుంబము, కలిగినవారు. తండ్రి సూర్యప్రకాశరావుగారు ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివినవారు. నాగపురములో స్కాట్లాండు మిషనరీయైన స్టీఫెను హిస్లాపు పేరున వెలసిన విద్యాశాలలో బాలుడైన కనకయ్య చదువుకొనెను. చదువు సంగతి ఎట్లున్నను, బ్యాటు మాత్రము చేతినుండి దిగలేదు.

1916లో బొంబాయిలో పెద్ద ఆటలలో మొదటిసారి ఆడెను. ఆ దినములలో మతమునకొక జట్టు ఉండెను: హిందువులు, ముసల్మానులు, పార్శీలు, యూరోపియనులు. తరువాతి కాలమున మిగిలినవారికని మరియొక జట్టు చేర్చబడగా మన దేశ క్రైస్తవులును అందులో ఆడిరి. విజయ్ హజారే అట్లు ఆడినవాడే, ఆయన కథ మరియొక నెల చెప్పుకొందము. యూరోపియనులకు ఎదురుగా హిందువుల జట్టు ఏడుగురిని పోగొట్టుకొని యుండగా ఇరువదియేండ్ల నాయుడు బ్యాటు పట్టి వచ్చెను. మూడు బంతులను ఓపికగా ఆపెను. నాలుగవ బంతిని మైదానపు హద్దుకు ఆవల పడగొట్టెను.

పదియేండ్లకు, 1926 డిసెంబరు 1న, అదే బొంబాయిలో దేశమంతయు ఆయన పేరు విన్నది. ఆర్థరు గిల్లిగను నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చియుండెను. వారి ఆటగాడొకడు ముందుగా బంతులను ఆకాశమున కెగురగొట్టి జనులను ఆశ్చర్యపరచెను. నాయుడుగారు బ్యాటు పట్టి రెండు గంటలైనను నిండకమునుపే 153 పరుగులు చేసెను. అందులో సిక్సర్లు 11. తెల్లదొరలు వేసిన బంతిని మనవాడు ఇంటికప్పులమీదికి కొట్టుచుండగా చూచినవారి మనస్సులలో ఏమి కదలియుండునో మీరే ఊహించుకొనవచ్చును. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

ఇది బలము. గుండెదిటవు వేరు. బలము గలవాడు కొట్టుట వింత కాదు.

భారతదేశము మొదటి టెస్టు ఆడునాటికి ఆయన వయస్సు ముప్పదియారు. పెద్ద ఆటలలో అడుగుపెట్టి పదునారు సంవత్సరములు గడచెను. 1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు నాయకుడుగా పోరుబందరు మహారాజును నియమించిరి. ఆటగాడని కాదు, రాజని. మహారాజుకు తన శక్తి ఎంతో తెలియును గనుక టెస్టు మ్యాచినాడు తాను తప్పుకొని నాయుడుగారికి చోటిచ్చెను. అందును బట్టి నేను ఆయనను మెచ్చుకొందును, అట్లు తప్పుకొనుట అందరికిని చేతకాదు. రాజవంశీయుడు కానివాని క్రింద ఆడుటయా అని జట్టులో కొందరు సణిగిరి. ఆ సణుగు విన్న చెవులతోనే ఆయన జూన్ 25న లార్డ్సు మైదానములోనికి జట్టును నడిపించెను. మహమ్మదు నిస్సారు వేగమునకు ఇంగ్లండు 19 పరుగులకే ముగ్గురిని పోగొట్టుకొనెను. ఫీల్డింగు చేయుచుండగా నాయుడుగారి చేతికి దెబ్బ తగిలెను. బ్యాటు పట్టువానికి చెయ్యి ఎట్టిదో, నాగలి పట్టు మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ చేతితోనే ఆయన 40 పరుగులు చేసెను. మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అంతకుమించి చేసినవాడు లేడు. భారతదేశము 158 పరుగుల తేడాతో ఓడిపోయెను. అయినను ఆ యాత్రలో ఆయన ఆటను చూచి, ఇంగ్లండులో క్రికెట్టువారు ప్రమాణముగా ఎంచు విజ్డెను అను వార్షిక గ్రంథము 1933లో ఆయనను ఆ యేటి ఐదుగురు మేటి ఆటగాండ్రలో చేర్చెను.

ఇక్కడికి కథ సాఫీగానే నడచినది. 1933-34లో ఇంగ్లండు జట్టు మన దేశమునకు వచ్చినప్పుడును ఆయనయే నాయకుడు. మూడు టెస్టులలో రెండు ఓడి, ఒకటి తేలకుండెను. 1936లో మరల ఇంగ్లండు వెళ్లవలసివచ్చినప్పుడు నాయకత్వము ఆయనకు దక్కలేదు. విజయనగరము మహారాజకుమారుడు, విజ్జీ అని పిలువబడినవాడు, దానిని సంపాదించెను. ధనమున్నది, పలుకుబడి యున్నది, ఆట మాత్రము అంతంతమాత్రము. నాయకునికిని నాయుడుగారికిని పొసగలేదు. జట్టు రెండుగా చీలెను. లాలా అమర్‌నాథును నడుమనే ఇంటికి పంపివేసిరి. నాయుడుగారిని అవమానించినందుకు బహుమానముగా ఒకనికి టెస్టులో చోటు దొరకినదని కూడ చెప్పుకొందురు.

సహోదరులారా, ఇక్కడ కొంచెము ఆగవలెను. చేతికి తగిలిన దెబ్బ వారములో మానును. తనకంటె తక్కువవాని క్రింద, తాను ఒకప్పుడు నడిపిన జట్టులోనే, నలువదియేండ్ల వయస్సున నిలువవలసి వచ్చుట మానని దెబ్బ. పెద్దరికము పోయినంతనే ఆదివారము గుడికి రావడము మానుకొన్నవారిని నేనెరుగుదును. పంచాయతీలో పదవి పోగా ఊరి చెరువు పనికి పార పట్టనివారిని మీరెరుగుదురు. నాయుడుగారు తన బట్టలు సర్దుకొని తిరుగు ఓడ ఎక్కియుండిన, తప్పు పట్టువారు తక్కువ.

ఆయన ఎక్కలేదు. ఆగస్టులో ఓవలు మైదానమున చివరి టెస్టు జరిగెను. మొదటి ఇన్నింగ్సులో ఆయన చేసినవి 5 పరుగులే. ఇంగ్లండు 471 పరుగుల కొండ నిలిపెను. రెండవసారి ఆయన ఆడుచుండగా గబ్బీ ఆలెను వేసిన వేగపు బంతి ఎగసి, కడుపు పైభాగమున గట్టిగా తగిలెను. ఊపిరి ఆడని దెబ్బ. ఆయన తేరుకొని మరల నిలిచెను. 81 పరుగులు చేసెను. మనవారికి ఇన్నింగ్సు ఓటమి తప్పెను గాని ఓటమి తప్పలేదు. అదియే ఆయన ఆడిన కడపటి టెస్టు. మొత్తము ఏడు టెస్టులు, 350 పరుగులు. అంకెలు చూచువానికి ఇవి స్వల్పముగా కనబడును.

ఈ గట్టితనము ఎక్కడ నేర్చెను? కొంత పుట్టుకతో వచ్చినదే యనుకొందును. కొంత సిపాయి బ్రతుకునుండి వచ్చినది. 1923లో హోల్కరు మహారాజు ఆయనను ఇందూరు పిలిపించి తన సైన్యములో కాప్టెను ఉద్యోగమిచ్చెను, తరువాత కర్నలు అయ్యెను. హోల్కరు జట్టును ఆయన సైన్యమువలెనే నడిపెను. ఆయన నాయకత్వమున ఆ జట్టు నాలుగు పర్యాయములు రంజీ ట్రోఫీ గెలిచెను. బంతి తగిలిన చోటును ఆటగాడు చేతితో రుద్దుకొనకూడదని ఆయన శాసించెనని చెప్పుకొందురు, బౌలరు సంతోషించునని. నాకీ మాట పూర్తిగా రుచింపదు. తన నొప్పిని తాను ఓర్చుట ఒకటి, ఇతరుని నొప్పిని ఓర్చుమని ఆజ్ఞాపించుట మరియొకటి. ఇంట పిల్లవాడు పడి మోకాలు చీరుకొనినప్పుడు ఏడవవద్దని గద్దించు తండ్రులు ఈ కథను తమకు సాక్ష్యముగా తెచ్చుకొనకుందురు గాక. ఆయనను ప్రేమించినవారికంటె ఆయనకు భయపడినవారే ఎక్కువగా ఉండియుందురని నా తలంపు.

అయితే తాను మోయని బరువును ఇతరులమీద పెట్టినవాడు మాత్రము కాడు. యాభై దాటిన వయస్సులో బొంబాయి జట్టుతో ఆడుచుండగా దత్తు ఫడ్కరు వేసిన బంతి నోటికి తగిలి పళ్లు ఊడెను. ఆయన వాటిని పక్కకు నెట్టి, వైద్యము వద్దని, మరల బ్యాటు పట్టి నిలిచెను. తలకు ఇనుప కమ్ముల టోపీ లేని కాలమది.

1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. ఆ 1953-54 ఆటల కాలములోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ ఆడగా, ఏబది ఎనిమిదేండ్ల నాయుడుగారు దానికి నాయకుడుగా వచ్చెను. పెద్ద పేరు లేని జట్టు, గెలుపు ఆశ అంతకన్న లేదు. మచిలీపట్నము విడిచిన కుటుంబపు బిడ్డ అట్లు తెలుగునేల జట్టులో ఆడెను. 1956లో పద్మభూషణ బిరుదు వచ్చెను. బిరుదు పుచ్చుకొని ఇంట కూర్చుండెనా? ఉత్తరప్రదేశు జట్టుకు నాయకుడై, అరువదియొక్కయేండ్ల వయస్సున రాజస్థానుమీద 84 పరుగులు చేసెను. తన కుమారుల వయస్సు బౌలర్లకు ఎదురు నిలిచెను. 1963లో, అరువది ఎనిమిదేండ్లవాడై, మహారాష్ట్రలో ఒక ప్రదర్శన మ్యాచిలో మరియొకమారు తెల్ల దుస్తులు వేసికొని మైదానములోనికి దిగెను.

1967 నవంబరు 14న ఇందూరులో ఆయన కన్నుమూసెను. దేశములోని యౌవన ఆటగాండ్రకు బోర్డు జరిపించు ఒక ట్రోఫీకి ఆయన పేరు పెట్టిరి. ఆంధ్ర జట్టు కుర్రవాండ్రును హైదరాబాదు జట్టు కుర్రవాండ్రును దానిలో ఆడుచున్నారు.